వీఎం హోస్ట్‌కి ఏ కెర్నల్, లోపలి గెస్ట్‌లకి ఏ కెర్నల్? ఈఎస్‌ఎక్స్‌ఐ వదిలి కేవీఎంకి మారుతున్నాం

#1 గాజువాక_గేట్‌వే (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మాది పదిహేను మంది పనిచేసే చిన్న ఆఫీసు. ఉన్నది ఒకటే సర్వర్. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ డెల్ ఆర్730, జియాన్ ఈ5 వీ4 ప్రాసెసర్లు రెండు, 128 జీబీ ర్యామ్. ఇన్నాళ్లూ ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) మీద నడిపాం. 2024 ఫిబ్రవరిలో ఆ ఉచిత లైసెన్స్ ఆపేశారు కదా. మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చారుగానీ, మా సార్‌కి మనసు విరిగిపోయింది. "లినక్స్ మీదకి వెళ్లిపోదాం, నువ్వే చూసుకో" అన్నారు. అందుకే వీఎంలు నడపడానికి లినక్స్‌లోనే ఉండే కేవీఎంకి మారుతున్నాం.

మొత్తం నాలుగు వీఎంలు. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న సెంటాస్ 7, వెబ్‌సైట్ ఉన్న డెబియన్ 12, కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ కోసం ఆల్మాలినక్స్ 9. నాలుగోది కొత్తగా పెట్టాలి. కెమెరాల ఫుటేజ్ కోసం ఇంటెల్ ఆర్క్ ఏ380 కార్డు కొన్నాం, దాన్ని నేరుగా ఒక వీఎంకి ఇచ్చేయాలి.

కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) దగ్గర ఆగిపోయాను. ఒక్క డెబియన్‌లోనే మామూలుది, క్లౌడ్, ఆర్‌టీ, బ్యాక్‌పోర్ట్స్ అని నాలుగు కనిపిస్తున్నాయి. ఉబుంటులో జెనరిక్, వర్చువల్, హెచ్‌డబ్ల్యూఈ. హోస్ట్‌కి (అసలు సర్వర్‌కి) ఏది, గెస్ట్‌కి (లోపలి వీఎంకి) ఏది? రెండింటిలో ఒకే వెర్షన్ ఉండాలా?

#2 ఆర్చ్_ఆవకాయ (గుంటూరు)

లేటెస్ట్ వేసేయ్ అన్నా, ఆలోచనే వద్దు. 6.6 నుంచి షెడ్యూలరే (ఏ పనికి ప్రాసెసర్ ఎప్పుడు ఇవ్వాలో చూసేది) మారిపోయింది, సీఎఫ్‌ఎస్ పోయి ఈఈవీడీఎఫ్ వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో కొత్తది వచ్చిన రోజే వేస్తాను. ఇంతవరకు ఏమీ కాలేదు.

#3 రాత్రి_షిఫ్ట్ (హైదరాబాద్)

తమ్ముడూ ఆవకాయా, నీ ల్యాప్‌టాప్ ఆగితే టీకి వెళ్లేది నువ్వొక్కడివే. ఆయన హోస్ట్ ఆగితే పదిహేను మంది వెళ్తారు, వాళ్ల వెనకే మేనేజర్ వస్తాడు.

గాజువాక గారూ, ఒకే వెర్షన్ ఉండాల్సిన పని అసలు లేదు. హోస్ట్ కెర్నల్, గెస్ట్ కెర్నల్ ఒకదాన్నొకటి చూసుకోవు. గెస్ట్‌కి కనిపించేది కేవీఎంతో కలిసి నడిచే క్యూఈఎంయూ చూపించే బొమ్మ కంప్యూటర్ మాత్రమే. అందులో డిస్క్, నెట్‌వర్క్ వర్ట్‌ఐఓ, అంటే వీఎంల కోసమే చేసిన బొమ్మ పరికరాలు. కేవీఎం ప్రధాన కెర్నల్‌లోకి 2.6.20తో 2007 ఫిబ్రవరిలో వచ్చింది. వర్ట్‌ఐఓ 2.6.24తో 2008 జనవరిలో. మీ సెంటాస్ 7లో ఉన్న 3.10 వాటి తర్వాతదే. పైగా రెడ్ హ్యాట్ వాళ్లు పైవెర్షన్ల సవరణలు చాలావాటిని అదే 3.10లోకి వెనక్కి తెచ్చి కలుపుతూ వచ్చారు. నంబర్ చూసి ముసలిది అనుకోవద్దు.

కాబట్టి ప్రశ్నను ఇలా మార్చుకోండి: అసలు ఇనుముతో మాట్లాడేది ఎవరు? వాళ్లకే ఆ ఇనుము తెలిసినంత కొత్త కెర్నల్ కావాలి. మీ ఈ5 వీ4 2016 నాటిది, డెబియన్ 12లోని 6.1కైనా కొట్టినపిండే. ఆ మెషీన్‌కి కొత్త కెర్నల్ వేసినంత మాత్రాన కొత్తగా ఒరిగేది పెద్దగా లేదు.

కానీ ఆ ఆర్క్ కార్డు వేరే కథ. పాస్‌త్రూ చేశాక (కార్డును నేరుగా వీఎంకి ఇచ్చేశాక) దానితో నేరుగా మాట్లాడేది గెస్ట్. హోస్ట్ దాన్ని వీఎఫ్‌ఐఓ అనే పాస్‌త్రూ డ్రైవర్‌కి అప్పజెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆర్క్ కార్డులకు ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915లో మామూలు సపోర్ట్ 6.2 నుంచి. అంతకు ముందు బూట్ లైన్‌లో ఫోర్స్‌ప్రోబ్ అని బలవంతం చేయాలి. అంటే ఆ కెమెరా వీఎంలో డెబియన్ 12 వద్దు, 13 పెట్టండి, అందులో 6.12 ఉంది. మీ దగ్గర హోస్ట్ కంటే గెస్ట్‌కే కొత్త కెర్నల్ అవసరం. నవ్వొస్తుంది గానీ అంతే.

#4 పెనంమీద_దోశ (బెంగళూరు)

రాత్రి_షిఫ్ట్ గారు చెప్పినదానికి ఒక మెలిక. వెర్షన్ పాతదైనా పర్వాలేదు, ప్యాచ్‌లు పాతవైతే మాత్రం పర్వాలేదు అనడానికి లేదు, ముఖ్యంగా హోస్ట్‌లో. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. ఆగస్టులో ఎల్‌1టీఎఫ్. ఈ చివరిదాంతో గెస్ట్‌లో కూర్చున్నవాడు ఎల్‌1 క్యాష్‌లో ఉన్న పక్క గెస్ట్ డేటానో, హోస్ట్ డేటానో చదవగలడు. మీ ప్రాసెసర్లు ఆ జాబితాలో ఉన్నవే. దానికి మందు హోస్ట్ కెర్నల్‌లోనూ, మైక్రోకోడ్‌లోనూ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటుంది. మైక్రోకోడ్ ప్యాకేజీ హోస్ట్‌లో వేయడం మర్చిపోకండి, గెస్ట్‌లో వేసి లాభం లేదు.

ఇంకొకటి. గెస్ట్ కూడా తన లోపలి మెల్ట్‌డౌన్ రక్షణ తనే చేసుకుంటుంది. దానికి పీసీఐడీ అనే ప్రాసెసర్ సదుపాయం దొరికితే ఖర్చు తక్కువ, దొరక్కపోతే ప్రతి సిస్టమ్ కాల్‌కీ మూల్యం చెల్లిస్తుంది. వీఎం సీపీయూ రకాన్ని పాత కేవీఎం64 మీద వదిలేస్తే పీసీఐడీ గెస్ట్‌కి కనిపించదు. "కొత్త కెర్నల్ వేశాక వీఎం నెమ్మదించింది" అని మా దగ్గరికి వచ్చిన కేసుల్లో తరచూ అసలు దొంగ ఇదే. మీకు ఒకే సర్వర్ కాబట్టి సీపీయూ రకం "హోస్ట్" అని పెట్టేయండి. వేర్వేరు తరాల సర్వర్ల మధ్య వీఎంలను లైవ్‌గా జరిపేవాళ్లకే అది ఇబ్బంది.

#5 పాత_హార్డ్‌డిస్క్ (విజయవాడ)

నా గోడు కూడా వినండి. పోయినేడాది హోస్ట్‌లో కెర్నల్ పెద్ద వెర్షన్‌కి మార్చి, శనివారం రాత్రి ఇంటి నుంచే రీబూట్ కొట్టాను. హోస్ట్ లేచింది. నెట్‌వర్క్ లేవలేదు. ఆటోనగర్ దాకా బండేసుకుని వెళ్లి మానిటర్ తగిలిస్తే తెలిసింది. కొత్త కెర్నల్‌లో డ్రైవర్ అదనపు వివరం ఇవ్వడంతో నెట్‌వర్క్ కార్డు పేరు చివర ఎన్‌పీ0 అని తోక మొలిచింది. వీఎంలను నెట్‌వర్క్‌కి కలిపే బ్రిడ్జ్ కాన్ఫిగ్‌లో పాత పేరే ఉంది. లేని కార్డు మీద బ్రిడ్జ్ ఎలా నిలుస్తుంది? తప్పు నాదే, విడుదల నోట్స్‌లో ఆ హెచ్చరిక ఉంది, నేనే చదవలేదు.

ఇప్పుడు ప్రతి హోస్ట్‌లోనూ సిస్టమ్‌డీ లింక్ ఫైల్ రాసి, మ్యాక్ అడ్రస్‌కి నా సొంత పేరు కట్టేస్తున్నాను. కార్డులకు "లాన్0", "స్టోర్0". కెర్నల్ ఏ తోక తగిలించినా నాకు సంబంధం లేదు. పాత కెర్నల్‌ని కూడా గ్రబ్ (బూట్) మెనూలో ఉంచుతాను, ఆటోరిమూవ్ దాన్ని ఊడ్చేయకుండా హోల్డ్‌లో పెట్టి.

ఆర్730లో ఐడ్రాక్ (దూరం నుంచే సర్వర్ స్క్రీన్ చూపించేది) ఉంటుంది, దాని కన్సోల్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. నాకున్నది అసెంబుల్డ్ మెషీన్, అందుకే అర్ధరాత్రి బండి ప్రయాణం.

#6 గాజువాక_గేట్‌వే

అందరికీ థాంక్స్. ఐడ్రాక్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదని ఇప్పుడే తెలిసింది, రీసెట్ చేశాను. హోస్ట్ కోసం డెబియన్ 13 వేసి కేవీఎం పెట్టుకోవాలా, ప్రాక్స్‌మాక్స్ (కేవీఎంతో సిద్ధంగా వచ్చే ఓఎస్) వేయాలా? డిస్కులకు జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అనుకుంటున్నాను.

#7 డల్లాస్_డెబియన్ (టెక్సస్)

బాబూ, జెడ్‌ఎఫ్‌ఎస్ అన్నారు కాబట్టి జవాబు సగం అక్కడే అయిపోయింది. జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్స్ కారణంగా ప్రధాన కెర్నల్ బయటే ఉంటుంది. దాని ప్రతి విడుదలా ఫలానా కెర్నల్ నుంచి ఫలానా కెర్నల్ వరకు అని ఒక పరిధి చెబుతుంది. డెబియన్‌లో అది డీకేఎంఎస్‌తో మీ మెషీన్ మీదే కంపైల్ అవుతుంది. డెబియన్ 13లో దాని సొంత 6.12తో ఇబ్బంది ఉండదు. బ్యాక్‌పోర్ట్స్ నుంచి కెర్నల్ ఒక్కటే కొత్తది లాగారనుకోండి, మాడ్యూల్ కంపైల్ కాకపోతే రీబూట్ తర్వాత పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద కలిపిన డిస్కులు) రాదు. పూల్ రాకపోతే వీఎంలు లేవు.

ప్రాక్స్‌మాక్స్ 9 కింద ఉన్నది డెబియన్ 13 అయినా, కెర్నల్ మాత్రం ఉబుంటు కెర్నల్ ఆధారంగా వాళ్లు కట్టుకున్నది. 2025 ఆగస్టులో 6.14తో వచ్చింది. జెడ్‌ఎఫ్‌ఎస్ అందులోనే కట్టి ఇస్తారు, రెండూ కలిసే వస్తాయి. ఒక కెర్నల్ మీకు కుదిరితే దాన్ని పిన్ చేసి ఉంచే కమాండ్ కూడా ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ కావాలంటే నేనైతే అదే వేస్తాను. ఎల్‌వీఎం చాలు అనుకుంటే అచ్చమైన డెబియన్ 13. నా పేరు చూసి పక్షపాతం అనుకోకండి, ఇంట్లో నాది రెండోదే.

ఆర్730లో రైడ్ కార్డు ఉంటుంది కదా, జెడ్‌ఎఫ్‌ఎస్‌కి దాన్ని హెచ్‌బీఏ మోడ్‌లో (డిస్కులను నేరుగా చూపించేలా) పెట్టండి. ఇది కెర్నల్ సంగతి కాదుగానీ, తర్వాత ఏడ్చేకంటే ఇప్పుడు చెప్పడం మేలు.

#8 గాజువాక_గేట్‌వే

ప్రాక్స్‌మాక్స్ 9 వేశాను, హోస్ట్ బాగుంది. సెంటాస్ 7 వీఎం డిస్క్ తెచ్చి, వర్ట్‌ఐఓ స్కజీ పెట్టి బూట్ చేస్తే కొంతసేపు ఆగి "డ్రాకట్" అని ఒక షెల్ వస్తోంది. రూట్ డిస్క్ దొరకడం లేదంటుంది. రేపు జీఎస్టీ పని ఉంది, అకౌంట్స్ వాళ్లు నన్ను చూసే చూపు బాగోలేదు. 3.10లో వర్ట్‌ఐఓ ఉందన్నారు కదా రాత్రి_షిఫ్ట్ గారూ?

#9 రాత్రి_షిఫ్ట్

టెన్షన్ పడకండి, డిస్క్‌కి ఏమీ కాలేదు. కెర్నల్‌లో వర్ట్‌ఐఓ ఉంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో రూట్ డిస్క్ దొరికేదాకా వాడే మూట) లేదు. సెంటాస్ 7లో డ్రాకట్ ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని కట్టేటప్పుడు, ఆ రోజు తనకు కనిపించిన హార్డ్‌వేర్ డ్రైవర్లనే మూట కడుతుంది. ఆ రోజు దానికి కనిపించింది వీఎంవేర్ డిస్క్ కంట్రోలర్ పీవీస్కజీ. అదే మూటతో కొత్త ఇంటికి వచ్చింది. తాళం చెవి ఇంటి లోపలే ఉంది, మనం గుమ్మం బయట నిలబడ్డాం.

మూడు దారులున్నాయి. సులువైనది: గ్రబ్ మెనూ అట్టడుగున రెస్క్యూ అని ఒక ఎంట్రీ ఉంటుంది. దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని అన్ని డ్రైవర్లతో కడతారు, కాబట్టి అది లేస్తుంది. లేచాక డ్రాకట్‌ని ఫోర్స్, నో హోస్ట్‌ఓన్లీ అన్న ఆప్షన్లతో, మీ మామూలు కెర్నల్ వెర్షన్ పేరు ఇచ్చి నడపండి. వెర్షన్ ఇవ్వడం మర్చిపోతే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కే కడుతుంది, రెండూ వేరైతే మళ్లీ మొదటికి వస్తారు.

రెస్క్యూ లేకపోతే, ప్రాక్స్‌మాక్స్‌లో స్కజీ కంట్రోలర్‌ని వీఎంవేర్ పీవీస్కజీకి మార్చండి, క్యూఈఎంయూకి ఆ వేషం కూడా వచ్చు. పాత మూటతోనే బూట్ అవుతుంది. లోపల డ్రాకట్ నడిపి, ఆపి, వర్ట్‌ఐఓకి మార్చండి. మూడోది, డిస్క్ తెచ్చేటప్పుడే వర్ట్‌వీ2వీ (వీఎంలను కేవీఎంకి మార్చే టూల్) వాడటం. ఈ డ్రైవర్ల పని అది తనే చేసేస్తుంది. మిగతా రెండు వీఎంలు ఇంకా తేలేదు కాబట్టి, ఈఎస్‌ఎక్స్‌ఐ మీద ఉండగానే ఆల్మాలో కూడా ఇదే డ్రాకట్ పని చేసి తీసుకురండి. డెబియన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా చాలావరకు డ్రైవర్లను ముందే వేసుకుంటుంది, దానితో గొడవ రాదు.

లేచాక నెట్‌వర్క్ రాదు, ముందే చెబుతున్నా. ఈఎస్‌ఎక్స్‌ఐలో కార్డు పేరు ఈఎన్‌ఎస్192 అయి ఉంటుంది, ఇక్కడ ఈఎన్‌ఎస్18 కావచ్చు. ఐఎఫ్‌సీఎఫ్‌జీ అనే నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఫైల్ పేరు, లోపల డివైస్ పేరు రెండూ మార్చండి.

#10 గాజువాక_గేట్‌వే

రెస్క్యూతో లేచింది!! ఈఎన్‌ఎస్18 కూడా మీరు చెప్పినట్టే. అకౌంట్స్ మేడమ్ టీ ఇప్పించారు.

#11 ఆర్చ్_ఆవకాయ

సెంటాస్ 7కి సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోయింది కదా. దానికి బయటి నుంచి కొత్త కెర్నల్ వేసేస్తే సరిపోదా?

#12 పెనంమీద_దోశ

కెర్నల్ మారిస్తే కెర్నల్ కన్నాలే పూడతాయి. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పాత అపాచీ, పాత పీహెచ్‌పీ అలాగే ఉంటాయి. ఇల్లు కారుతుంటే కొత్త తలుపు బిగించినట్టు. పైగా ఆ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 3.10 తప్ప ఇంకోటి చూసి ఉండరు. దాన్ని ఇంటర్నెట్ నుంచి తెంచేసి, ఆఫీసు లాన్‌లో కావాల్సిన పోర్ట్ ఒక్కటే తెరిచి, ఖాళీ చేసే రోజు కోసం చూడటమే.

ఆల్మా 9 గురించి ఒక మాట. దానికి కనీసం ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్ కనిపించాలి. కేవీఎం64 రకం మీద బూట్ చేస్తే గ్లిబ్‌సీ (ప్రోగ్రాములు వాడే మూల లైబ్రరీ) దగ్గర తిట్టి కెర్నల్ పానిక్ అవుతుంది. చూసినవాళ్లు కెర్నల్ చెడిందనుకుంటారు. రేపు 10కి వెళ్లే ఆలోచన ఉంటే రెడ్ హ్యాట్ 10కి వీ3 కావాలి. ప్రాక్స్‌మాక్స్ ఇప్పుడు మామూలుగా ఇచ్చేది వీ2 స్థాయి రకమే, అది చాలదు. మీ ఈ5 వీ4లో ఏవీఎక్స్2 ఉంది కాబట్టి "హోస్ట్" పెడితే గట్టెక్కుతారు.

#13 గాజువాక_గేట్‌వే

డెబియన్, ఆల్మా వచ్చేశాయి. ఇప్పుడు కెమెరా వీఎం. డెబియన్ 13 జెనరిక్‌క్లౌడ్ ఇమేజ్ దించి పెట్టాను. కార్డుల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌పీసీఐలో ఆర్క్ కార్డు కనిపిస్తోంది. కానీ గ్రాఫిక్స్ కార్డు వాడుకోవడానికి ఉండాల్సిన డీఆర్‌ఐ ఫోల్డరే లేదు. ఐ915 మాడ్యూల్ లోడ్ చేయబోతే అలాంటిదే లేదంటోంది. 6.12 అయితే చాలన్నారుగా?

#14 డల్లాస్_డెబియన్

కెర్నల్ పేరు చూపించే యూనేమ్ మైనస్ ఆర్ కొట్టి చూడండి. చివర "క్లౌడ్-ఏఎండీ64" అని ఉంటుంది. అదే మీ జవాబు.

డెబియన్ క్లౌడ్ కెర్నల్ సోర్స్ అదే, వెర్షన్ అదే, సెక్యూరిటీ అప్‌డేట్లు అవే. కట్టేటప్పుడు అసలు మెషీన్లలో మాత్రమే కనిపించే డ్రైవర్లను వదిలేశారు. గ్రాఫిక్స్ డ్రైవర్లు అందులో ఉండవు. ఎవరో అద్దె సర్వర్‌లో వెబ్‌సైట్ నడిపేవాడికి వాటితో పనేముంది? మీకు ఉంది. మామూలు ఏఎండీ64 కెర్నల్ ప్యాకేజీ వేసి, రీబూట్ చేసి, పాత క్లౌడ్ ప్యాకేజీ తీసేయండి. తీసేయకపోతే గ్రబ్ మళ్లీ దాన్నే ఎత్తుకునే అవకాశం ఉంది. ఇంటెల్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా కావాలి, అది ఫ్రీ కాని ఫర్మ్‌వేర్ విభాగంలో ఉంటుంది.

ఇదే కెర్నల్‌తో ఇంకో గమ్మత్తు చెబుతాను. క్లౌడ్‌ఇనిట్ (మొదటి బూట్‌లో పాస్‌వర్డ్ లాంటివి పెట్టేది) సెట్టింగ్స్ ఉన్న సీడీని సాటా మీద తగిలిస్తే కొందరికి వీఎం దాన్ని చూడనే చూడదు, పాస్‌వర్డ్ పడదు, లోపలికి పోలేరు. కారణం అదే, సాటా డ్రైవర్ లేకపోవడం. స్కజీకి మారిస్తే దొరుకుతుంది.

#15 పాత_హార్డ్‌డిస్క్

అయితే ఈ చిన్న కెర్నల్స్ ఎవరికి? ఆల్పైన్‌లో కూడా ఎల్‌టీఎస్, వర్ట్ అని రెండున్నాయి. వర్ట్ వేస్తే ర్యామ్ చాలా మిగులుతుందని మా వాడొకడు ప్రచారం చేస్తుంటాడు.

#16 రాత్రి_షిఫ్ట్

ర్యామ్ సంగతి మీ వాడు ఊహించుకున్నంత లేదు. వాడని డ్రైవర్లు మాడ్యూళ్లుగా డిస్క్ మీద పడి ఉంటాయి, లోడ్ అయితేనే కదా ర్యామ్ తినేది. మిగిలేది డిస్క్. మామూలు కెర్నల్ మాడ్యూళ్లు ఒక్కో వెర్షన్‌కి వందల మెగాబైట్లు ఉంటాయి. అప్‌డేట్లప్పుడు రెండు మూడు వెర్షన్లు పేరుకుని, ఐదు జీబీ డిస్క్ ఇచ్చిన వీఎంలో గొంతుదాకా వస్తాయి. బూట్ ఫోల్డర్ విడిగా చిన్నగా పెట్టుకున్నవాళ్లకైతే మరీ. ఒకే రకం చిన్న వీఎంలు యాభై ఉంటే వర్ట్, క్లౌడ్ కెర్నల్స్ హాయి. గాజువాక గారికి నాలుగే కాబట్టి వెబ్‌సైట్ వీఎం ఒక్కదానికి పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. పెట్టకపోయినా నష్టం లేదు. నేనైతే పెట్టను. పాస్‌త్రూ ఎప్పుడు అవసరమవుతుందో ఎవరికి తెలుసు.

ఆర్‌టీ గురించి మొదటి పోస్ట్‌లో అడిగారు, ఎవరూ చెప్పలేదు. అది వేగం కోసం కాదు, ఆలస్యం ఫలానా హద్దు దాటకుండా ఉండటం కోసం. మెషీన్లను నడిపించేవాళ్లకి, ఆడియో వాళ్లకి. మీ అకౌంట్స్‌కి అక్కర్లేదు.

#17 ఆర్చ్_ఆవకాయ

నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నా ల్యాప్‌టాప్‌కి ఇంతవరకు ఏమీ కాలేదన్నాను కదా. కాలేజీ ల్యాబ్ కోసం వర్చువల్‌బాక్స్ తెరిస్తే వీఎం లేవనంటోంది. "వీఎంఎక్స్ రూట్ మోడ్" అని ఏదో ఎర్రర్. మొన్నటిదాకా బాగానే ఉంది.

#18 పెనంమీద_దోశ

6.12 దాటావన్నమాట. అప్పటి నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ అవగానే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసుకుంటుంది. అంతకు ముందు మొదటి వీఎం మొదలయ్యేదాకా ముట్టుకునేది కాదు. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ వచ్చేసరికి కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉంటున్నాడు. బూట్ లైన్‌లో కేవీఎం డాట్ ఎనేబుల్ వర్ట్ ఎట్ లోడ్ అన్నదాన్ని సున్నా చెయ్యి, పదాల మధ్య అండర్‌స్కోర్లతో. లేదా కేవీఎం ఇంటెల్ మాడ్యూల్‌ని తీసేసి వర్చువల్‌బాక్స్ తెరువు. లేదా వర్ట్‌మేనేజర్ నేర్చుకో, ఎలాగూ ఉద్యోగంలో అదే అడుగుతారు.

#19 ఆర్చ్_ఆవకాయ

మాడ్యూల్ తీస్తే లేచింది అక్కా. థాంక్స్. వర్ట్‌మేనేజర్ పరీక్షలయ్యాక.

#20 గాజువాక_గేట్‌వే

నాలుగూ నడుస్తున్నాయి. తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. హోస్ట్ ప్రాక్స్‌మాక్స్ 9, దాని సొంత కెర్నల్, పిన్ చేశాను. సెంటాస్ 7 పాత 3.10తోనే, ఇంటర్నెట్ తెంచేశాను. డెబియన్ 12 తన 6.1తో, దేన్నీ ముట్టుకోలేదు. ఆల్మా 9 తన 5.14తో, సీపీయూ "హోస్ట్". కెమెరా వీఎం డెబియన్ 13 మామూలు కెర్నల్, ఆర్క్ దొరికింది. వీఎంవేర్ టూల్స్ అన్నిట్లో తీసేసి క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ వేశాను. కార్డు పేర్లు పాత_హార్డ్‌డిస్క్ గారు చెప్పినట్టు మ్యాక్‌కి కట్టేశాను.

ఒక్క అనుమానం మిగిలింది. సెంటాస్‌లో గడియారం రోజుకి కొన్ని సెకన్లు పక్కకి పోతోంది. ఇది కూడా కెర్నల్ పనేనా?

#21 రాత్రి_షిఫ్ట్

క్లాక్‌సోర్స్ (కెర్నల్ టైమ్ లెక్కకి వాడే గడియారం) ఏముందో చూడండి, కేవీఎం-క్లాక్ ఉండాలి. అది ఉంటే కెర్నల్‌ని అనుమానించక్కర్లేదు. టైమ్ ఇంతకుముందు ఎవరు సరిచేసేవారు? వీఎంవేర్ టూల్స్ అయితే, వాటిని మీరే తీసేశారు.

#22 గాజువాక_గేట్‌వే

కేవీఎం-క్లాకే ఉంది. టైమ్ సరిచేసే క్రోనీ మాత్రం ఇన్‌స్టాల్ చేసి ఉంది, ఆన్ చేసి లేదు. ఆన్ చేసినా సర్వర్ దొరకడం లేదంటోంది. ఇంటర్నెట్ తెంచింది కూడా నేనే కదా. హోస్ట్‌నే టైమ్ సర్వర్‌గా పెడుతున్నాను.